దొండాకు పసరు

మొన్నటి గాలివానకు మేడమీది దొండపందిరి ఒక పక్కకు ఒరిగిపోయింది. తాళ్ళు విప్పి మళ్ళీ కడదామని పొద్దున్నే పైకి వెళ్ళాను. చిక్కుపడ్డ తీగలను విడదీస్తుంటే గుప్పెడు ఆకులు చేతిలో నలిగాయి. ఆ పసరు వాసన తగలగానే పట్టుకున్న తాడు చేతిలోనే ఉండిపోయింది. నేను ఉద్యోగంలో చేరిన జాలరిపేట బడి, అక్కడి శనివారం మధ్యాహ్నాలు, మోచేతుల దాకా నల్లబడిన పిల్లల చేతులు, గోడ అవతలి సముద్రపు హోరు, అన్నీ ఆ ఒక్క వాసన వెంట వచ్చాయి.

ఇప్పటి పిల్లలు ఈ పని చూసి ఉండరు కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఆ రోజుల్లో మా బడి నల్లబల్లకు రంగు వేయించడానికి డబ్బు వచ్చేది కాదు. సుద్దముక్కతో రాసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ రాసి నెల తిరిగేసరికి బల్ల తెల్లబారిపోయేది; ఆ తెలుపు మీద అక్షరం కనిపించేది కాదు. అందుకని రెండు శనివారాలకొకసారి పిల్లలు ఇళ్ళ నుంచి పొయ్యిలో చల్లారిన బొగ్గులు, దొడ్లో కోసిన దొండాకు తెచ్చేవారు. బొగ్గును రాతి మీద మెత్తగా నూరి, ఆకు పిండి ఆ పసరులో కలిపితే చిక్కటి నల్లటి ముద్ద తయారయ్యేది. పాత గుడ్డను ఉండలా చుట్టి, ఆ ముద్దలో ముంచి, పైనుంచి కిందికి ఒకే వైపుగా రాయాలి. అడ్డంగా రాస్తే చారలు పడతాయని పిల్లలు ఒకరికొకరు గట్టిగా చెప్పుకునేవారు. మిగిలిన ముద్దను ఎవరి పలకకు వారు పూసుకునేవారు. పలకలన్నీ గోడవారగా ఎండలో నిలబెడితే, సముద్రపు గాలికి అవి ఒకదానికొకటి తగిలి చేసే చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. సోమవారం పొద్దున బడి తలుపు తీయగానే మొదట ఎదురయ్యేది ఈ పసరు వాసనే. కొత్తగా నల్లబడిన బల్ల మీద ఆనాటి మొదటి అక్షరం రాసే భాగ్యం కోసం పిల్లలు పోటీ పడేవారు.

ఆ బల్ల మీద నేను ఏమి రాశానో, ఏమి కొట్టివేశానో తలుచుకోవడానికే ఇది రాస్తున్నాను.

*

నేను పుట్టి పెరిగింది విశాఖపట్నం వన్‌టౌన్‌లో, కోటవీధికి దగ్గరలోని ఒక సందులో. నాన్నగారు షిప్‌యార్డులో ఫిట్టరు. మా సందులో ఎవరూ దానిని షిప్‌యార్డు అనేవారు కాదు. ప్రభుత్వం తీసుకుని పేరు మార్చిన తరువాత కూడా అందరికీ అది ‘సింధియా’యే. 1948లో ‘జల ఉష’ను నెహ్రూగారు నీళ్ళలోకి దింపిన రోజున నాన్నగారు ఆ గుంపులో ఉన్నారు. ఓడ జారి నీటిని తాకినప్పుడు వచ్చిన కెరటం గురించి ఆయన చెప్పే తీరు ఏటా కొంచెం మారేది, కెరటం మాత్రం ఏటా కొంచెం పెరిగేది. మా ఇంట్లో గోడ గడియారం లేదు. సైరను మోగితే నాన్నగారి డ్యూటీ, మళ్ళీ మోగితే మా బడి, రేవులో ఓడ కూత వేస్తే అమ్మ పొయ్యి వెలిగించే వేళ. రాత్రి డాబా మీద పడుకుంటే యారాడ కొండ మీది లైట్‌హౌసు వెలుతురు తిరిగి తిరిగి మా మీదుగా వెళ్ళేది. దానిని లెక్కపెడుతూ నిద్రపోయేవాళ్ళం.

మార్గశిర మాసంలో లక్ష్మివారం వస్తే బడి సగం ఖాళీ. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్ళే జనం తెల్లవారుజాము నుంచే మా సందు మీదుగా నడిచేవారు. పసుపు నీళ్ళ తడితో వీధంతా ఘుమఘుమలాడేది. మేస్టారు కూడా ఆ రోజు హాజరు పట్టీ తెరిచి, చూసి, మూసేవారు.

మా అమ్మది అప్పటి శ్రీకాకుళం జిల్లా పాలకొండ వైపు పల్లె. ఆమె మాట ఆమె ఊరి మాట. ‘నేను’ అనదు, ‘నాను’ అంటుంది. త్వరగా రమ్మనాలంటే ‘బేగి రా’ అంటుంది. రాగులు ఆమెకు చోళ్ళు, వదిలేయడం ఒగ్గీడం, పరుగు లగెత్తడం. నాకు కూడా బడికి వెళ్ళేవరకు అదే భాష. బడిలో మా తెలుగు మేస్టారు మంచి పండితులు, పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. వేమన పద్యం ఆయన గొంతులో వింటే ఒకసారికే నోటికి వచ్చేసేది. కానీ ‘ఏటి’ అన్న మాట వినబడితే ఆయన ముఖం చిట్లించేవారు. ‘ఏమిటి’ అని పదిసార్లు అనిపించేవారు. అలా నేను నాలుగో తరగతికి వచ్చేసరికి రెండు నాలుకలు పెట్టుకున్నాను. గుమ్మం లోపల ఒకటి, బయట ఒకటి.

ఒకరోజు నడి మధ్యాహ్నం కుండపోత వాన మొదలైంది. నేను గొడుగు తీసుకువెళ్ళలేదని అమ్మ తడుచుకుంటూ బడికి వచ్చింది. తరగతి గుమ్మం దగ్గర నిలబడి, చీర కొంగు పిండుకుంటూ, ‘మా గుంటడికి గొడుగు ఒగ్గీసి బేగి ఎలిపోతాను బాబూ’ అంది. తరగతి అంతా గొల్లుమంది. మేస్టారు అదిలించారు కానీ ఆయన పెదవి మీద కూడా చిన్న నవ్వు ఉంది. నేను తల వంచుకుని ఉంటే పక్కవాడు మోచేత్తో పొడిచాడు. అప్పుడు నేనూ నవ్వాను. అమ్మ నన్ను చూసింది. గొడుగును గోడకు ఆనించి వెళ్ళిపోయింది. తరువాత నా చదువు పూర్తయ్యేదాకా ఆమె మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఏదైనా పంపాలంటే పక్కింటి పిల్లవాడి చేత పంపేది. ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఎన్నడూ మాటల్లోకి రాలేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

*

టీచర్ ట్రైనింగు భీమిలిలో. సముద్రం పక్కనే పోయే బస్సులో కిటికీ దగ్గర కూర్చుని పాఠ్యప్రణాళికలు బట్టీ పట్టిన రోజులు అవి. ప్రేరణ, ప్రదర్శన, పునశ్చరణ అంటూ పాఠానికి ఇన్ని మెట్లు ఉండాలని నేర్పారు. ‘గిడుగు రామమూర్తి పంతులుగారి భాషాసేవను వివరింపుము’ అని ఒక ప్రశ్న ఉండేది. దానికి నేను నాలుగు పేజీల జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ జవాబు కూడా గ్రాంథికానికి దగ్గరగా రాశాననీ, అలా రాస్తేనే గౌరవంగా ఉంటుందని అనుకున్నాననీ ఇప్పుడు గుర్తు చేసుకుంటే మనసు కలుక్కుమంటుంది.

మొదటి పోస్టింగు జాలరిపేటలోని ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా, అయిదు తరగతులు, ఇద్దరం ఉపాధ్యాయులం. ఒకే గదిలో ఒక మూల రెండో తరగతి ‘రెండు రెళ్ళు నాలుగు’ అని రాగం తీస్తుంటే, మరో మూల మూడో తరగతి గుణింతాలు, వరండాలో ఒకటో తరగతి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుతూ ఉండేవారు. బడి గోడ మీద వలలు ఆరేసేవారు. కిటికీలోంచి ఎండు చేపల వాసన, ఉప్పుగాలి, తెప్పలకు తాళ్ళు బిగించేవారి కేకలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడేవి. మొదటి వారం ఆ వాసనకు అన్నం సహించలేదు. ఏడాది గడిచేసరికి సెలవుల్లో ఇంటి దగ్గర ఉంటే ఆ వాసన లేక వెలితిగా ఉండేది.

తెల్లవారక ముందే వేటకు వెళ్ళిన తెప్పలు ఎండ ఎక్కే వేళకు ఒడ్డుకు వచ్చేవి. ‘తెప్పలొచ్చినాయి’ అన్న కేక వినబడితే తరగతిలో సగం మంది ఉండేవారు కాదు. వల విదల్చాలి, చేపలు ఏరాలి, తట్ట నెత్తికెత్తాలి. ఆ పనులకు చిన్న చేతులు కావాలి. నేను కోపగించేవాణ్ణి, హాజరు పట్టీలో గైరుహాజరు వేసేవాణ్ణి. కొన్నేళ్ళ తరువాత, 1995లో, నెలలో ఎనభై శాతం హాజరైన పిల్లవాడికి మూడు కిలోల బియ్యం ఇచ్చే పథకం వచ్చింది. ఆ పట్టీలో నేను పెట్టే గుర్తు ఒక ఇంటి కుండలోకి వెళుతుందని తెలిశాక, పెన్ను పట్టుకునే చెయ్యి బరువెక్కింది. 2003 జనవరిలో బడిలోనే మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు నేను వేరే బడిలో ఉన్నాను. అన్నం ఉడికే వాసన తరగతి గదిలోకి వచ్చిన మొదటి రోజు పిల్లల ముఖాలు చూసి, ఇది నా జాలరిపేట పిల్లలకు అప్పుడే ఉండి ఉంటే అని ఎంతగానో అనుకున్నాను.

*

నాలుగో తరగతిలో ఒక పాప ఉండేది. సన్నగా, నల్లగా, ఎప్పుడూ జడకు ఎర్ర రిబ్బను. ఆ అమ్మాయి గట్టిగా మాట్లాడడం నేను వినలేదు కానీ చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఒకరోజు ‘సముద్రము’ అన్న అంశం మీద పది వాక్యాలు రాయమన్నాను. మిగిలినవారు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే, సముద్రము నీలముగా ఉండును, సముద్రములో ఓడలు తిరుగును, సముద్రపు నీటి నుండి ఉప్పు తయారగును అని రాసుకొచ్చారు. వాటికి నేను ఎర్రసిరాతో టిక్కులు పెట్టాను.

ఆ పాప ఇలా రాసింది: ‘మా అయ్య తెల్లారగట్ల లెగిసి ఏటకెల్తాడు. మా యమ్మ తట్ట ఎత్తుకోని బేగి బజారుకెల్తాది. మా తాత వల అల్లుతాడు. సముద్రం కోపంగున్నప్పుడు మా ఇంట్లో పొయ్యెలగదు.’ అంతే. పది వాక్యాలు కావు, నాలుగే.

నేను వరసగా సున్నాలు చుట్టుకుంటూ పోయాను. లెగిసి, ఏటకెల్తాడు, ఎత్తుకోని, బేగి, ఎల్తాది, ఎలగదు. ప్రతి సున్నా పక్కన ‘సరైన’ మాట రాశాను. ‘పొయ్యి వెలగదు’ అని నా చేత్తోనే దిద్దాను. దిద్దుతూ కూడా ఆ వాక్యాన్ని చదవలేదు. అక్షరాలు చూశాను, వకారం లోపించిందని చూశాను, ఎనిమిదేళ్ళ పిల్ల తన ఇంటి ఆకలిని అంత తక్కువ మాటల్లో చెప్పిందని చూడలేదు. కింద పదికి రెండు మార్కులు వేసి, ‘శుద్ధమైన భాషలో వ్రాయుము’ అని రాసి పుస్తకం తిరిగి ఇచ్చాను.

మర్నాడు తరగతి మొదలయ్యే వేళకు ఆ పాప నాయనమ్మ వచ్చింది. నోట్లో చుట్ట, నెత్తిమీద ఖాళీ తట్ట. వరండా మెట్టు కిందే నిలబడి, చుట్ట తీసి చేత్తో పట్టుకుని, ఆ పుస్తకం నా వైపు చాపింది. ఆమెకు చదువు రాదు. కానీ ఎర్రటి సున్నాలు కనిపిస్తాయి కదా. ‘మా గుంట రాత్రి బువ్వ తినలేదు బాబూ. ఏటి రాసిందో అడిగితే చదివి ఇనిపించింది. అందులో అబద్ధమేటుంది? సెప్పండి బాబూ, దిద్దుకుంటాది’ అంది.

దెబ్బలాటకు రాలేదు ఆ మనిషి. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ మాట తీరు, ఆ నిలబడిన తీరు చూస్తుంటే చీర కొంగు పిండుకుంటూ నిలబడిన మా అమ్మ కనిపించింది. ‘అబద్ధం ఏమీ లేదమ్మా, అంతా నిజమే రాసింది. తప్పు నాది’ అని చెప్పడానికి నాకు చాలా సేపు పట్టింది. ఆమె తల ఊపి, చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని వెళ్ళింది. పాపను పిలిచి, ఆ నాలుగు వాక్యాలను ఆమె రాసినది రాసినట్టుగా నల్లబల్ల మీద రాయించాను. దొండాకు పూసి మూడు రోజులైనా కాలేదు. నల్లటి బల్ల మీద ‘పొయ్యెలగదు’ అన్న మాట తెల్లగా మెరిసింది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. అది వాళ్ళందరి ఇళ్ళ సంగతి.

అయితే నేను చేసిన గాయం ఆ ఒక్క రోజుతో మానలేదు. ఆ సంవత్సరమంతా ఆ పాప సొంతంగా వాక్యం రాయమంటే పెన్సిలు పట్టుకుని నా ముఖం చూసేది.

*

ఆ వేసవి సెలవుల్లో గిడుగువారిని మళ్ళీ చదివాను, ఈసారి మార్కుల కోసం కాదు. అప్పుడు తెలిసిన విషయం నన్ను నిలువునా కదిలించింది. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలన్న ఆయన వాదమంతా బడి పిల్లల దగ్గరే, అందునా మా ప్రాంతంలోనే మొదలైంది. 1906లో ఈ జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే భాష ఒకటి, బడి పుస్తకాల భాష మరొకటి ఎందుకు అయిందని అడిగాడు. విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న పి. టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో గిడుగువారు ఆ ప్రశ్నను పట్టుకున్నారు. అది పెరిగి పెరిగి, విద్యార్థులు వ్యాసరచన ఏ తెలుగులో రాయాలన్న తగాదాగా మద్రాసు దాకా పోయింది. గురజాడవారు 1914లో తమ అసమ్మతి పత్రాన్ని ఇచ్చింది ఆ వ్యాసరచన విషయంలోనే. ఏవీఎన్ కాలేజీ డౌన్ అనే పల్లపు వీధి మీదుగా పూర్ణా మార్కెట్‌కు కూరలకు వెళ్ళిన రోజులు నా చిన్నతనంలో లెక్కలేనన్ని. ఆ గోడల వెనక నా బోటి పిల్లల కోసం, మా అమ్మ మాట కోసం, ఒక పెద్ద మనిషి వాదించాడని ఎవరూ చెప్పలేదు.

1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగువారి పుట్టినరోజును ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా చేస్తున్నాం. బడుల్లో పూలమాలలు, ఉపన్యాసాలు. నాకు ఆయన జీవితంలో అన్నింటికన్నా గొప్పగా తోచేది సవర గిరిజనుల సంగతి. చరిత్ర పాఠాలు చెప్పుకునే బడిపంతులు, కొండల నుంచి వచ్చే సవరల మాట విని, ఆ భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించడానికి తన డబ్బు పెట్టుకున్నాడు. సవరకు వ్యాకరణం రాశాడు, నిఘంటువు కూర్చాడు. లిపి లేని భాషలో అంత శ్రద్ధగా వినడానికి ఏముందని ఆయన అనుకోలేదు. నేను సొంత అమ్మ భాషనే వినలేకపోయాను.

*

బడి తెరిచాక ఒక రెండు వందల పేజీల పుస్తకం కొన్నాను. రోజూ ఒక పిల్లవాడు ఇంటి నుంచి ఒక మాట తేవాలి. బల్ల మీద నిలువుగా గీత గీసి ఎడమవైపు ఇంటిమాట, కుడివైపు బడిమాట రాసేవాళ్ళం. రెండూ నేర్చుకోవాలి, ఏదీ కొట్టివేయకూడదు. సాయంత్రం ఆ మాటలను నేను పుస్తకంలోకి ఎక్కించుకునేవాణ్ణి. మొదటి నెలలోనే కుడివైపు ఖాళీలు మిగలడం మొదలైంది. మా వాచకంలో ‘చేప’ అని ఒక్కటే మాట. పిల్లలు తెచ్చినవి వంజరం, సందువ, కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు, గులివిందలు, పారలు, మాగ, టేకు, సొర, ఇంకా ఎన్నో. వల ఒక్కొక్క రకానికి ఒక్కొక్క పేరు, తాడు ముడికి పేరు, అల విరిగే చోటుకు పేరు. వాటికి బడిమాట ఏమిటని పిల్లలు అడిగితే, ‘ఇదే బడిమాట కూడా’ అని రెండు వైపులా రాసేవాళ్ళం.

అందులో ఒక రోజు నాకు ప్రత్యేకంగా గుర్తుంది. అయిదో తరగతికి సరళరేఖలు, అవి ఖండించుకునే బిందువు చెబుతున్నాను. లెక్కల్లో ఎప్పుడూ వెనకబడే కుర్రవాడు ఒకడు చెయ్యి ఎత్తి, ‘మా అయ్య గురుతు అట్టాగే సూస్తాడు మేస్టారూ’ అన్నాడు. రమ్మని సుద్దముక్క ఇచ్చాను. వాడు బల్ల మీద ముందు తీరం గీశాడు. ఒడ్డున ఒక తాటిచెట్టు, దాని వెనక దూరంగా ఒక కొండ. నీళ్ళలో తెప్ప. తెప్ప మీద నుంచి చూస్తే తాటిచెట్టు, కొండ నెత్తి ఒకే వరసలోకి రావాలి, అదొక గీత. అటువైపు లైట్‌హౌసు కొండ మొనకు సరిగ్గా రావాలి. అది రెండో గీత. రెండూ కలిసిన చోట నీటి అడుగున రాయి ఉంటుంది, రాయి దగ్గర చేపలుంటాయి. ‘ఒక్కటే సూసుకుంటే దొరకదు మేస్టారూ, రెండూ కలవాల’ అని సుద్దముక్కతో ఆ చోట గట్టిగా చుక్క పెట్టాడు. కాగితం, కొలబద్ద లేకుండా నడిసముద్రంలో ఆ బిందువును ప్రతిరోజూ పట్టుకునే తండ్రికి కొడుకు వాడు. నేను ఆ పాఠానికి అంతకన్నా మంచి ఉదాహరణ నా ఉద్యోగమంతటిలో చెప్పలేదు. ఆ తరువాత ప్రతి ఏడూ అదే బొమ్మ గీసి చెప్పాను.

1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం కింద మా బడికి గ్లోబు, పటాలు, లెక్కల పెట్టె వచ్చాయి. పాడైతే స్టాకు రిజిస్టరులో ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో అవి చాలా కాలం బీరువాలోనే ఉన్నాయి. గ్లోబును బయటికి తెప్పించడానికి నేను రెండేళ్ళు ప్రాధేయపడ్డాను. తీసిన రోజున ఆ నీలం అంతా నీళ్ళేనని చెబితే, ఒక చిన్నవాడు వేలితో తిప్పుతూ, ‘ఇంత సముద్రానికి తెప్పలెన్ని కావాల’ అని అడిగాడు. నేను దానినీ పుస్తకంలో రాసుకున్నాను.

*

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను మళ్ళీ బదిలీ మీద అదే బడికి వచ్చి ఉన్నాను. ఆదివారం కావడం మన అదృష్టం. మూడో రోజున రోడ్ల మీద పడిన చెట్లు దాటుకుంటూ వెళితే, మా వరండా మీద నీడ పరిచే నిద్రగన్నేరు వేళ్ళతో సహా పడి ఉంది. ఆ చెట్టు కిందే బొగ్గులు నూరేవాళ్ళం. పిల్లలు కొమ్మల మీదెక్కి కూర్చుని, ఎవరి ఇంటి కప్పు ఎగిరిపోయిందో, ఎవరి బోటు ఏ ఒడ్డున దొరికిందో నాకు ఒక్కొక్కటిగా చెప్పారు. ఆ వారం నేను పాఠం చెప్పలేదు. వాళ్ళు చెప్పింది విన్నాను, రాయించాను. ఎర్రసిరా ముట్టుకోలేదు.

*

పందిరి కట్టడం మరునాటికి వాయిదా వేసి, అటక మీది ఆ పుస్తకం తీశాను. అట్ట ఊడిపోయింది, కొన్ని పేజీలకు చెదలు పట్టింది. సంచిలో పెట్టుకుని జాలరిపేటకు వెళ్ళాను.

బడికి కొత్త రంగులు, ప్రహరీ, నేల మీద పలకరాళ్ళు, నీళ్ళ కొళాయిలు. చూస్తే కడుపు నిండింది. నల్లబల్ల స్థానంలో ఆకుపచ్చ బల్ల వచ్చింది, దానికి పసరు అక్కరలేదు. పుస్తకాలలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. కొత్తగా వచ్చిన పంతులమ్మ కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది. ఆమె తరగతి గోడ మీద పిల్లలు గీసిన చేపల బొమ్మలున్నాయి, కింద పేర్లన్నీ ఇంగ్లీషులో. పిల్లలకు రెండు భాషలూ రావాలి, అందులో నాకు సందేహం లేదు. మూడో భాష ఒకటి ఇంటి దగ్గర ఉందని, దాని గోడు కూడా పట్టించుకోమని ఆ అమ్మాయితో కాసేపు మాట్లాడాను. ఆమె శ్రద్ధగా విని, పుస్తకం తిప్పి చూసి, కొన్ని పేజీలు ఫోనులో ఫొటోలు తీసుకుంది.

ఒడ్డున తెప్పలు దాదాపు కనిపించలేదు. అన్నీ ఫైబర్ బోట్లు, ఇంజన్లు. చేపలు అమ్మేచోట ఒకామె నన్ను చూసి లేచి నిలబడింది. ‘నమస్కారం మేస్టారూ, బాగున్నారా? కూర్చోండి’ అంది. ఎర్ర రిబ్బను పాప. తల సగం నెరిసింది. పక్కన ఏడెనిమిదేళ్ళ మనవరాలు. నాతో మాట్లాడినంతసేపూ ప్రతి మాటా తూచినట్టు బడిమాటే మాట్లాడింది. మనవరాలి వైపు తిరిగితే మాత్రం ‘ఏటే, మేస్టారికి పీట ఎయ్యి, బేగి’ అంది. సున్నాలు చుట్టిన ఆ వ్యాసం సంగతి గుర్తుందా అని అడిగాను. ఆమె చాలా సేపు ఆలోచించింది. గుర్తు లేదంది. ‘దొండాకు మసి నా కొత్త గౌనుకు అంటుకుంటే మా యమ్మ కొట్టింది, అది గుర్తుంది మేస్టారూ’ అని నవ్వింది. ఇన్నేళ్ళు నేను మోసుకు తిరిగినది ఆమె దగ్గర లేదు. దానికి సంతోషించాలో, ఆమె ఆ తరువాత రాయడం మానేసినందుకు బాధపడాలో తేల్చుకోలేక పుస్తకం తీసి ఆమె చేతికిచ్చాను.

కళ్ళజోడు లేదని ఆమె దానిని మనవరాలికి ఇచ్చింది. ఆ పిల్ల వేలు పెట్టి ఎడమవైపు మాటలు ఒక్కొక్కటిగా చదవసాగింది. కొన్ని మాటలు ఆ పిల్లకు తెలియవు. ‘ఇదేటమ్మమ్మా?’ అని ఆగేది. అమ్మమ్మ ఒక చేత్తో ఈగలు తోలుతూ, రెండో చేతిని గాలిలో ఆడించి ఆ వల ఎలా విసిరేవారో, ఆ ముడి ఎలా వేసేవారో చూపించేది. చేపల పేజీ వచ్చేసరికి ఆమె చదవడం ఆపమంది. ‘ఇక్కడ రెండు పేర్లు పెట్టి ఒకే చేప అని రాసుకున్నారు మేస్టారూ. ఒకటి కాదు, రెండు. ఎవరో పిల్లలు తప్పు చెప్పారు మీకు’ అని, తట్టలోంచి ఒకటి తీసి, దాని తోకను విప్పి పట్టుకుని, రెండోదానికి ఈ గీత ఉండదని చూపించింది.

నేను జేబులోంచి పెన్ను తీశాను. ఆమె చెబుతుంటే, ఆమె చెప్పినట్టే, రెండు వరసల్లో రాసుకున్నాను.